నా ఎడమ పక్కన అక్క

ఆమెను నేను అక్క అని పిలిచేదాన్ని. మాకు చుట్టరికమేమీ లేదు. తొంభై తొమ్మిది మొదట్లో హైదరాబాద్‌లోని ఒక కన్సల్టెన్సీ మా ఇద్దరినీ కోబాల్ ప్రోగ్రామర్లుగా తీసుకుని ఒకే విమానంలో సిడ్నీకి పంపింది. ఆమెది వరంగల్ వైపు, నాది తెనాలి వైపు. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. విమానం దిగాక ఇమిగ్రేషన్ క్యూలో నేను కంగారు పడడం చూసి నా పాస్‌పోర్టు కూడా తనే పట్టుకుని, "నువ్వు నా ఎన్కనే నిలబడు చెల్లె, అంత నేను మాట్లాడ్త" అంది. అప్పటి నుంచి నేను ఆమె వెనకే నిలబడ్డాను.

పరమట్టాలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో పని. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిన చోటల్లా నాలుగంకెలకు మార్చాలి. కొత్త సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ పందొమ్మిది వందలకు వెళ్ళిపోతాయని ప్రపంచమంతా భయపడుతున్న రోజులవి. ఆ భయమే మాకు అన్నం పెడుతోంది. టూంగాబీలో ఒక హైదరాబాదీ ముస్లిం కుటుంబం ఇంటి వెనక కట్టిన చిన్న ఇంట్లో అద్దెకు దిగాం. ఒకే గది, రెండు మంచాలు, మూలన వంటగట్టు. ఆ ఇంటి ఆంటీ ఆదివారాలు కిటికీలోంచి పిలిచి బగారా అన్నం ఇచ్చేది.

డాన్స్ సంగతి మొదలుపెట్టింది అక్కే. సోమవారం పొద్దున ఆఫీసులో కాఫీ దగ్గర అందరూ "వీకెండ్ ఏం చేశారు?" అని అడిగేవాళ్ళు. ఒకరు బోటు నడిపామనేవారు, ఇంకొకరు పెరట్లో మాంసం కాల్చుకునే బార్బీ పెట్టామనేవారు. మేము బట్టలుతికాం, పప్పు వండుకున్నాం, ఇంటికి ఫోన్ చేశాం. అది చెప్పడానికి సిగ్గేసి ఏదో నవ్వేసి వచ్చేసేవాళ్ళం. ఒకరోజు అక్క టూంగాబీ స్టేషన్ దగ్గర గోడకు అంటించిన కాగితం చూసి నన్ను ఆపింది. స్క్వేర్ డాన్స్, పూర్తిగా కొత్తవాళ్ళకు, జోడీ లేకపోయినా రావచ్చు, శనివారం మధ్యాహ్నం అని ఉంది.

"పోదాం పా," అంది.

"మనమా? డాన్సా? మగాళ్ళ చేతులు పట్టుకోవాలేమో అక్కా!"

"పట్టుకుంటే ఏమైతది? అరిగిపోతవా? మండే నాడు చెప్పుకునేటందుకన్న ఒక ముచ్చట ఉంటది."

అది రేకుల కప్పున్న పాత హాలు. లోపల చెక్కనేల, గోడ పక్కన ఇనుప కుర్చీలు, ఒక మూల టీ కాచే పెద్ద బాయిలర్. వచ్చినవాళ్ళలో చాలామంది మా అమ్మానాన్నల వయసువాళ్ళు. ఆడవాళ్ళు గొడుగులా విచ్చుకున్న గౌన్లు వేసుకున్నారు. వేదిక మీద ఒక పెద్దాయన చిన్న రికార్డు ప్లేయరు, మైకు పెట్టుకుని నిలబడ్డాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడట. ఈ డాన్సులో ఏం చేయాలో ముందుగా ఎవరికీ తెలియదు. ఆయన మైకులో ఒక్కొక్క పిలుపు పిలుస్తుంటాడు, అది విని అప్పటికప్పుడు కదలాలి. నలుగురు ఆడవాళ్ళు, నలుగురు మగవాళ్ళు నాలుగు వైపులా జంటలుగా నిలబడితే ఒక చదరం. పక్కనున్న సొంత జోడీ పార్ట్‌నర్. రెండో పక్కన ఉండే పొరుగు జంట మనిషి కార్నర్. ఆ రెండు మాటలూ వస్తే సగం డాన్స్ వచ్చినట్టే అన్నాడు పెద్దాయన.

కొత్తవాళ్ళలో మగవాళ్ళు తక్కువ. ఆయన భార్య ఒక పసుపుపచ్చ పట్టీ తెచ్చి, "మీలో ఒకరు మగవాళ్ళ స్థానంలో ఆడతారా?" అని అడిగింది. అక్క వెంటనే పట్టీ తీసుకుని భుజం మీదుగా వేసుకుంది. మగవాళ్ళు ఎప్పుడూ ఆడవాళ్ళకు ఎడమ పక్కన నిలబడతారు. అలా ఆమె నా ఎడమ పక్కకు వచ్చింది.

మొదటి పిలుపులు సులువే. పార్ట్‌నర్‌కు వంగి నమస్కారం, కార్నర్‌కు వంగి నమస్కారం, ఎనిమిది మంది చేతులు పట్టుకుని ఎడమకు తిరగడం. ఆ తర్వాత "అలమాండ్ లెఫ్ట్" వచ్చింది. కార్నర్ వైపు తిరిగి, ఎడమచేత్తో అతని ఎడమ ముంజేయి పట్టుకుని ఒక చుట్టు తిరిగి, మళ్ళీ సొంత జోడీ దగ్గరికి రావాలి. నా కార్నర్ ఒక ముసలాయన, తెల్ల మీసాలు, ఇస్త్రీ చేసిన చొక్కా. ఆయన ఎడమ చేయి చాపాడు. నేను కుడి చేయి ఇచ్చాను. ఆయన నవ్వి మళ్ళీ ఎడమ చేయి చాపాడు. నేను మళ్ళీ కుడి చేయే ఇచ్చాను. చదరం మొత్తం ఆగిపోయింది.

నాకు కుడి ఎడమలు తెలియక కాదు. పెద్దవాళ్ళకు ఎడమ చేయి ఇవ్వకూడదు. చిన్నప్పుడు ఎడమచేత్తో ప్రసాదం పట్టబోయి అమ్మమ్మ చేత దెబ్బ తిన్న చేయి అది. బుర్ర ఒప్పుకున్నా అది లేవలేదు. ఈ మాట ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక మొహం కందిపోయి నిలబడితే, అక్కే చెప్పేసింది. ముసలాయన అంతా విని, ఎంతో గంభీరంగా, "అయితే నా కోసం ఆ నియమం పక్కన పెడుతున్నావన్నమాట. థాంక్యూ మై డియర్," అన్నాడు. అప్పుడు ఇచ్చాను. ఆ మరుసటి వారం అక్క తన ఎర్ర రిబ్బను ముక్క నా ఎడమ మణికట్టుకు కట్టింది. "పిలుపు ఇనంగనే ఇది చూడు. ఆలోచించకు, చెయ్యి ఇచ్చెయ్."

ఇంట్లో వంటగట్టు మీద నాలుగు ఉల్లిగడ్డలు, నాలుగు ఆలుగడ్డలు పెట్టి సాధన చేసేవాళ్ళం. ఉల్లిగడ్డలు మగవాళ్ళు, ఆలుగడ్డలు ఆడవాళ్ళు. పప్పు ఉడుకుతుంటే అక్క గరిటె మైకులా పట్టుకుని తెలుగులో పిలిచేది: "కార్నరుకు ఎడమ చెయ్యి! జోడీకి కుడి చెయ్యి! దాటు, దాటు, ఇంకొకన్ని దాటు, జోడీ దొరికిందా? పట్టుకో, ఇంటికి తోల్కపో!" ఎదురెదురుగా వచ్చేవాళ్ళకు కుడిచేయి, ఎడమచేయి మార్చి మార్చి ఇస్తూ సగం చదరం చుట్టి సొంత జోడీని కలిసే ఆ పిలుపంటే నాకు ప్రాణం. ముక్కూ మొహం తెలియని మనుషుల మధ్యనుంచి పోతూ పోతూ చివరకు తెలిసిన చేయి అందుతుంది. ప్రతిసారీ అక్క సరిగ్గా ఉండాల్సిన చోటే ఉండేది. ఒక్కసారి కూడా తప్పలేదు.

జూలైలో, అక్కడి చలికాలంలో, ఒక శనివారం క్లాసుకు బయల్దేరే ముందు మా చెల్లికి ఆడపిల్ల పుట్టిందని ఫోన్ వచ్చింది. ఫోన్ కార్డు అయిపోయి మాట మధ్యలో తెగింది, పాప ఏడుపైనా వినలేదు. హాలు మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను.

"నావల్ల కాదక్కా. జనవరి దాటగానే వెళ్ళిపోతాను. నాకీ దేశం వద్దు, ఈ చలి వద్దు."

అక్క తన స్వెటర్ తీసి నా మీద కప్పింది. "పోదువు తియ్. ఎవలు ఆపుతరు?" అని వీపు మీద నిమిరింది. ఆ రోజు క్లాసు మానేసి నా పక్కనే కూర్చుంది. లోపలినుంచి పెద్దాయన పిలుపులు, చెక్కనేల మీద బూట్ల చప్పుడు వినిపిస్తూనే ఉన్నాయి.

ఆ బాధ నెలరోజులకు తగ్గిపోయింది. చలి తగ్గింది. పిలుపులు ఒకదాని తర్వాత ఒకటి ఒంటబట్టాయి. ముసలాయన మా ఇద్దరికీ తన తోటలో నిమ్మకాయలు తెచ్చేవాడు. సోమవారం ఆఫీసులో మేం చెప్పేది వినడానికి ఇద్దరు ముగ్గురు చేరేవాళ్ళు. ఎండలు ముదిరే వేళకు నాకు తెలియకుండానే నేనీ ఊరి మనిషినయ్యాను. క్లాసునుంచి నడిచి వస్తూ ఒక సాయంత్రం అక్కతో అన్నాను.

"అక్కా, నేను వెళ్ళను. ఇక్కడే ఉండిపోతాను. ఆఫీసులో ఉంచుకుంటే పీఆర్‌కి అప్లై చేద్దాం, ఇద్దరం కలిసే."

"నిజంగనా?"

"నిజంగానే."

మా పక్కనుంచి రైలు పోయింది. అది పోయాక, "మంచిది చెల్లె," అంది. సంతోషం ఎక్కువై మాట రాలేదేమో అనుకున్నాను.

రెండు వేల సంవత్సరం వచ్చింది. ఏమీ కాలేదు. కంప్యూటర్లన్నీ బుద్ధిగా పనిచేశాయి. మేం బాగా పనిచేసినందుకు మా అవసరం తీరిపోయింది. కాంట్రాక్టులు పొడిగిస్తారా లేదా అని ఎవరినడిగినా "చూద్దాం" అనేవారు. అక్క టెస్టింగ్ చూసేది కాబట్టి ఆమె సీటు మేనేజర్ గదికి దగ్గర. "నేను కనుక్కుంట, నువ్వు ఫికర్ చెయ్యకు," అంది. నేను ఫికర్ చెయ్యలేదు. ఫిబ్రవరి చివర్లో మా కొత్తవాళ్ళ బ్యాచ్‌కు గ్రాడ్యుయేషన్ డాన్స్ ఉంది. దానికోసం ఆకుపచ్చ లంగా కుట్టించుకునే పనిలో పడ్డాను.

ఆ శనివారానికి ముందు గురువారం, పెరట్లో బట్టలు ఆరేస్తుంటే ఆంటీ వచ్చి నా తల మీద చేయి పెట్టింది.

"పోతున్నవంట గదా బేటీ? అమ్మ దగ్గరికి పోవుడే మంచిది. మాకే దిల్‌కు తక్లీఫ్."

"ఎక్కడికి ఆంటీ?"

"ఇండియాకు! మార్చి నుంచి రూముల ఒక్కదాన్నే ఉంట అని మీ అక్క చెప్పింది గదా."

లోపలికి వెళ్ళి అక్కనడిగాను. ఆమె టమాటాలు తరుగుతోంది. కత్తి ఆగలేదు. "ఆంటీకి మన తెలుగు సగమే సమజైతది. నేనేదో అన్న, ఆమె ఏదో ఇన్నది," అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది. అబద్ధం ఆమెది, నవ్వు మాత్రం ఇద్దరిదీ.

మర్నాడు మేనేజర్ నన్ను గదిలోకి పిలిచాడు. మంచివాడే. తలుపు వేసి, నా పని ఎంత బాగుందో చెప్పి, "నువ్వు ఇంటికి వెళ్ళిపోవాలనుకోవడం మాకు బాధగానే ఉంది. కానీ కుటుంబం ముఖ్యం, అర్థం చేసుకోగలను," అన్నాడు.

"నేను వెళ్తానని మీతో ఎవరు చెప్పారు?"

"నీ ఫ్రెండ్." ఆయన మొహంలో నవ్వు నెమ్మదిగా మాయమైంది. "శీతాకాలం నుంచీ చెబుతోంది. పోయిన నెల మళ్ళీ అడిగాను. నీ నిర్ణయం మారలేదంది. మాకున్నది ఒక్క పర్మనెంట్ పోస్టే. ఇద్దరిలో ఎవరికివ్వాలా అంటే నిజానికి నీ పేరే ముందు అనుకున్నాం. నువ్వెలాగూ ఉండనన్నావు కదా అని..."

"నేను ఉంటానన్నాను," అన్నాను. "ఆమెకు ఆ మాట తెలుసు."

ఆయన కిటికీ వైపు చూశాడు. హెడ్ ఆఫీసు ఆమోదించేసిందని, ఇక తన చేతిలో లేదని, నన్నే నేరుగా అడగాల్సిందని అన్నాడు. మూడూ నిజాలే.

ఆ రాత్రి అక్క వచ్చేసరికి గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఏం అడగాలో మాటలు కుదరలేదు. ఎక్కడో పొరపాటు జరిగి ఉండాలని, రేపు ఆమె ఒక్క మాటతో అదంతా విప్పేస్తుందని ఇంకా ఆశ. అంతకుముందు నెలలన్నీ ఒక్కొక్కటీ తీసి చూసుకున్నాను. స్వెటర్ కప్పిన మధ్యాహ్నం, గరిటె పట్టుకుని పిలిచిన సాయంత్రాలు. నా మాట మేనేజర్‌కు చేరవేసి వచ్చి, అదే వారం నా చేయి పట్టుకుని తిప్పింది కదా. ఎలా పట్టుకుంది?

శనివారం హాల్లో రంగు కాగితాలు కట్టారు. లామింగ్టన్ కేకులు, సాండ్విచ్‌లు బల్ల మీద పేర్చారు. నేను ఆకుపచ్చ లంగా వేసుకుని వెళ్ళాను. రాకపోతే మా చదరానికి ఒకరు తక్కువవుతారు, అందుకే వెళ్ళాను. అక్క పసుపు పట్టీతో నా ఎడమ పక్కకు వచ్చి నిలబడింది. మొదటి విడత ఆడాం. ఒక్క తప్పు జరగలేదు. ఆమె అరచేయి ఎప్పటిలాగే వెచ్చగా ఉంది.

రికార్డు మార్చే విరామంలో కుర్చీల్లో కూర్చున్నప్పుడు అడిగాను.

"మేనేజర్‌కి నేను వెళ్ళిపోతానని చెప్పావా?"

ఆమె అబద్ధమాడుతుందనుకున్నాను. ఆడలేదు.

"చెప్పిన."

"నేను ఉంటానన్నాక కూడా?"

"అన్నంక కూడ." నా కళ్ళలోకే చూస్తోంది. "ఒక్కల్నే ఉంచుకుంటరని నాకు సెప్టెంబర్లనే ఎర్క. నువ్వు పోతె అమ్మ దగ్గరికి పోతవు, చెల్లె బిడ్డను ఎత్తుకుంటవు. నేను పోతె ఎవల దగ్గరికి పోవాలె? ఆ మొగని దగ్గరికా? నీకు తెల్వదా?"

తెలుసు. పెళ్ళయిన ఏడాదికే కొట్టే భర్తను వదిలి హాస్టల్లో ఉంటూ కోబాల్ నేర్చుకుంది. ఆఫీసులో ఎవరికీ తెలియని ఆ సంగతి నాకొక్కదానికే చెప్పింది. నేను ఎవరికీ చెప్పలేదు.

"అడిగుంటే ఇచ్చేదాన్నేమో కదా అక్కా."

"ఇయ్యకపోతే?" అంది.

నా మొహం చూసి నేను ఇవ్వనని అనుకుందో, ఇస్తానేమోనని భయపడిందో. ఏదైనా, అడిగే అవకాశమే నాకు దక్కనీయలేదు.

పెద్దాయన మైకులో అందరినీ చదరాలు కట్టమన్నాడు. అక్క లేచి తన చోట నిలబడి నా వైపు చేయి చాపింది. నిజంగా చాపింది, ఏమీ జరగనట్టు. ముసలాయన, మిగతా అయిదుగురు నాకోసం ఎదురుచూస్తున్నారు. నేను కుర్చీలోంచి లేవలేదు. "తల తిరుగుతోంది," అన్నాను. పెద్దాయన భార్య టీ కప్పు కింద పెట్టి, పరుగున వచ్చి నా చోట నిలబడింది. రికార్డు తిరిగింది. ఎనిమిది మంది గుండ్రంగా కదిలారు, చేతులు మార్చుకున్నారు, దాటుకున్నారు. అక్క తన కొత్త జోడీని సరిగ్గా అందుకుని నడిపించుకుపోయింది. చదరం ఎక్కడా చెదరలేదు. నేను లేని లోటు ఒక పాట పల్లవంత సేపు కూడా నిలవలేదు. అది చూడలేక వెనక తలుపులోంచి బయటికొచ్చి ఇంటికి నడిచాను.

ఆంటీ నా మొహం చూసింది. ఆ సాయంత్రమే నా పెట్టె తనే మోసుకెళ్ళి తన కూతుళ్ళ గదిలో పెట్టింది. కాంట్రాక్టు ముగిసేదాకా అక్కడే ఉన్నాను. అక్క పెరట్లో ఎదురుపడితే పక్కకు తప్పుకునేది. క్షమించమని అనలేదు. ఆమె అంటుందేమోనని నేను చాలా రోజులు కిటికీ తెరిచి ఉంచాను.

నాకు వేరే ఉద్యోగం దొరికింది. ఆ ఏడాది ఆస్ట్రేలియాలో జీఎస్టీ పన్ను వస్తోంది. కంపెనీలన్నీ తమ ప్రోగ్రాములు మార్చుకోవడానికి మనుషుల కోసం వెతుకుతున్నాయి. మెల్‌బోర్న్‌లో ఒక కంపెనీ వీసా కూడా ఇప్పించి తీసుకుంది. తర్వాత పీఆర్, పెళ్ళి, ఇద్దరు పిల్లలు. పైకి చూస్తే నేను నష్టపోయిందేమీ లేదు. ఈ కథ విన్నవాళ్ళు, "అంతా నీ మంచికే జరిగింది" అంటారు. వాళ్ళమీద నాకు కోపం వస్తుంది. మంచి జరిగితే ద్రోహం ద్రోహం కాకుండా పోతుందా?

మెల్‌బోర్న్‌లో ఒకసారి స్క్వేర్ డాన్స్ క్లబ్బు వెతుక్కుని వెళ్ళాను. అలాంటి హాలే, అలాంటి కుర్చీలే. పిలుపులన్నీ గుర్తున్నాయి. కానీ నా ఎడమ పక్కన నిలబడ్డాయన, ఎంతో మర్యాదస్తుడు, చేయి చాపేసరికి నా వేళ్ళు ముడుచుకుపోయాయి. ఈసారి అడ్డు వచ్చింది అమ్మమ్మ దెబ్బ కాదు. ఒక్క విడత ఆడి, పిల్లాడికి జ్వరమని అబద్ధం చెప్పి వచ్చేశాను. అప్పటికి నాకు పిల్లలే లేరు.

చాలా ఏళ్ళకు మళ్ళీ సిడ్నీకి మారి, స్కోఫీల్డ్స్‌లో ఇల్లు కట్టుకున్నాం. ఒక ఆదివారం గిరావీన్‌లో మన సరుకుల కొట్టుకు వెళ్తే, కాకరకాయల దగ్గర అక్క. జుట్టు తెల్లబడింది. పక్కన ఇరవై ఏళ్ళ అమ్మాయి. నేను తప్పుకునేలోపే చూసేసింది.

"చెల్లె! బాగున్నవా?"

"బాగున్నాను," అన్నాను.

కూతురితో తెలుగులోనే చెప్పింది. "నేను చెప్తుంట గద, నాతోని డాన్స్ చేసిన ఆంటీ. ఈమెనే."

ఆ అమ్మాయి మొహం వెలిగింది. "ఓ మై గాడ్, ది పొటాటో వన్! మమ్ టాక్స్ అబౌట్ యూ ఆల్ ద టైమ్. యూ వెంట్ బ్యాక్ టు ఇండియా, రైట్? యూ గాట్ హోమ్‌సిక్?"

అక్క కాకరకాయలు ఏరుతూనే ఉంది. ఆమె చెవులు మాత్రం నా వైపే ఉన్నాయి. నా కళ్ళముందు నిలబడి ఉన్నా, ఆమె ఇంట్లో నేను పాతికేళ్ళుగా ఇండియాలోనే ఉన్నాను.

"లేదమ్మా," అన్నాను. "నేను వెళ్ళలేదు. మెల్‌బోర్న్‌లో ఉన్నాను."

"ఓహ్," అని ఆ అమ్మాయి తల్లి వైపు చూసింది. అక్క కాకరకాయల సంచి మూతి ముడి వేసింది. వేసిన ముడి విప్పి మళ్ళీ వేసింది.

ఆ అమ్మాయే మళ్ళీ అంది. "మమ్ స్టిల్ డాన్సెస్, యూ నో. ఎవ్రీ సాటర్డే. యూ షుడ్ కమ్."

ఉద్యోగం పోయినందుకు నేనెన్నడో ఏడవడం మానేశాను. ఆ శనివారాలు ఆమె దగ్గరే ఉండిపోయాయని మాత్రం అప్పుడే తెలిసింది. నాకు మొహం మీద నీళ్ళు కొట్టినట్టయింది. "చూద్దాం" అన్నాను. కొనాల్సినవి బుట్టలోనే వదిలేసి కారు దాకా నడిచాను. అక్క వెనకనుంచి పిలుస్తుందేమోనని నెమ్మదిగానే నడిచాను. పిలవలేదు.